మీట నొక్కని బొటనవేలు

మా మేనత్త కూతురు ఫిలొమీనా ఒకచోట కూర్చుని టీ తాగగా నేను చూడలేదు. కప్పు కిటికీలో పెడుతుంది, చెక్కల బాట మీద విమానాలు దిగే చోటు దాకా పోయి వస్తుంది, చల్లారిపోయిందని తిట్టుకుంటూ పారబోసి మళ్ళీ పెడుతుంది. యాభై తొమ్మిదేళ్ళు వచ్చినా కాలు కాలిన పిల్లే. అలాంటి మనిషి ఏడాదికి పది రోజులు, రోజుకు ఆరేసి గంటలు, మోకాళ్ళు కదలని సీట్లో ఎలా కూర్చుంటుందని అడుగుతారా? ఆ పది రోజులు ఎప్పుడొస్తాయా అనే మిగతా ఏడాదంతా తిరుగుతుందని నా అనుమానం.

పని ఏమిటంటే బాతుల్ని లెక్కపెట్టడం. జూన్ మొదట్లో, ఉత్తరాన మంచు దేశంలోని మా తీరంలో బాతులు గుడ్ల మీద కూర్చున్నప్పుడు, ఓ చిన్న విమానం గీత గీసినట్టు సముద్రం దాకా పోతుంది, పక్క గీత మీద వెనక్కి వస్తుంది. ఎత్తు నూట యాభై అడుగులు. పైలట్ ఎడమవైపు చూస్తాడు, ఫిలొమీనా కుడివైపు. పక్షి కనబడగానే బొటనవేలితో మీట నొక్కి "తెల్లతల ఒకటి", "నల్లమెడ జంట" అని రికార్డరుకి చెప్పాలి. వచ్చే వసంతంలో తెల్లతల బాతు వేట ఉంటుందో మూసేస్తారో ఆ లెక్కే తేలుస్తుంది. తెల్లతల ఉడకని వసంతం మా ఇళ్ళల్లో వసంతమే కాదు.

ఇరవై రెండేళ్ళుగా ఆ కుడి సీటు ఆమెదే. ఆమెకు అమ్మమ్మ, నాకు నాయనమ్మ అయిన ముసలమ్మ వెంట గుడ్లు ఏరడానికి పోయి నేర్చిన కన్ను అది. ఆడబాతు మెడ నేలకు చాచి ఎండుగడ్డిలో కలిసిపోయి పడుకుంటుంది, తొక్కేదాకా లేవదు. నేను తొక్కేవాణ్ణి. ఫిలొమీనా ముప్పై అడుగుల అవతలే ఆగి వేలితో చూపించేది. ముసలమ్మకి ఆ కన్నంటే గర్వం, ఈ ఉద్యోగమంటే ఒళ్ళుమంట. "ఎగిరేవాటిని లెక్కపెట్టకే పిల్లా. అవి వింటాయి. మనసు కష్టపెట్టుకుని ఇంకో చోటికి పోతాయి" అని తను చనిపోయేదాకా అంటూనే ఉంది. ఫిలొమీనా నవ్వేసేది. కానీ విమానం దిగాక ఒక్క అంకె కూడా పైకి అనేది కాదు.

నిరుడు ఆ నవ్వు పోయింది. ఆఖరి రోజు లెక్క అయిపోగానే బూట్లయినా విప్పకుండా మా ఇంట్లోకి వచ్చి నిలబడింది.

"బావా, పోతున్నాయి."

"ఏవే?"

"తెల్లతలలు. గీతకి మునుపటిలో సగం కూడా లేవు. ముసల్ది చెప్పిందే నిజం. ఇన్నేళ్ళు లెక్కపెట్టి లెక్కపెట్టి నేనే తరిమేశాను."

"నీ మొహం చూసి ఉంటాయి. నేనైతే ఎప్పుడో పోయేవాణ్ణి" అన్నాను. ఆమె నవ్వలేదు. చలికాలమంతా నిద్ర లేదు. మంచు మీద ఊరి చుట్టూ తిరిగి తిరిగి ఓ దారే పడేసింది.

నేనలా అన్నందుకు నన్ను దుర్మార్గుడనుకోకండి. మాలో మేనత్త కూతుర్ని పెళ్ళాడరు, కానీ వెక్కిరించకుండా వదిలితే తప్పు. తప్పు చేసినవాడికి అన్న చెబితే పౌరుషం, పొరుగువాడు చెబితే పోట్లాట. బావో మరదలో నలుగురిలో ఏడిపిస్తే మాత్రం నవ్వి దిద్దుకోవాల్సిందే. బావలుండేది అందుకే. అరవై రెండేళ్ళ నా జీవితంలో నేను సరిగ్గా చేసిన ఉద్యోగం అదొక్కటే.

నిరుటి లెక్క అంత పడిపోతే నమ్మక, వేట మూసేముందు సరిచూద్దామని ఈ జూన్‌లో కొత్తగా వెనక సీటు పెట్టారు. దానికి మనిషి దొరక్క పైలట్ హారిస్ నన్ను ఎక్కించాడు. వెనక సీటు పని ముందు సీటుని సరిచూడటం. అదే కుడివైపు చూసి, విడిగా నా రికార్డరుకి నేను చెప్పాలి. ఒకరి మాట ఒకరికి వినబడదు. దిగాక అంకెల గురించి మాట్లాడుకోకూడదని రూలు.

వినబడదు, సరే. కనబడుతుంది కదా! ఆమె బొటనవేలు నా కళ్ళ ముందే ఉంది. మొదటి గీత మీదే చిన్న మడుగు గట్టున తెల్లతల జంట నిక్కి చూస్తోంది. నేను మీట నొక్కాను. ఆమె వేలు కదల్లేదు. తర్వాత ఒకటి, ఆ తర్వాత ఎనిమిది ఒకేచోట, కళ్ళున్న ఎవడికైనా కనబడేలా. వేలు కదల్లేదు. ఆమె అద్దానికి నుదురు ఆనించి వెతుకుతూనే ఉంది. పోయింది బాతులు కాదు, మా మరదలి కన్ను.

చెప్పేస్తే సీటు పోతుంది. ఆ సీటు లేకపోతే ఈ మనిషి ఏమైపోతుంది? అక్కడ నేనో వెధవ పని చేశాను. రెండో గీత నుంచి ఆమె వేలు లేచినప్పుడే నా వేలూ లేపాను. లేవనప్పుడు నోరు మూసుకున్నాను. రెండు లెక్కలూ కలుస్తాయి, ఎవరూ అడగరు అనుకున్నాను. వేట మూసేస్తారన్న ఆలోచన రాలేదని అబద్ధం చెప్పను. వచ్చింది. పక్కకి నెట్టేశాను.

దిగీ దిగగానే రూలూ గీలూ లేకుండా నా చొక్కా పట్టుకుంది. "నీకు కనబడ్డాయా?"

"ఆ... పెద్దగా లేవు."

ఆమె చెయ్యి జారిపోయింది. మర్నాడూ అంతే. ఆ సాయంత్రం ఎండుచేప ముక్క నోట్లో పెట్టుకుని నమలడం మర్చిపోయి, వాకిట్లో అటూ ఇటూ నడుస్తూనే ఉంది.

మూడో రోజు పొద్దున పొగమంచు దిగి విమానం లేవలేదు. రేకుల గదిలో హారిస్ పెట్రోలు డ్రమ్ముల మధ్య కాఫీ కాస్తున్నాడు. ఫిలొమీనా గోడ నుంచి గోడకి నడుస్తోంది. ఏడో ఎనిమిదో సారి నా ముందు ఆగిపోయింది.

"బావా, రెండ్రోజులుగా నన్ను ఒక్క మాట అన్లేదు నువ్వు."

"ఏమనాలి?"

"నిన్న టోపీ వెనక్కి పెట్టుకుని ఎక్కాను, ఏమన్లేదు. విమానం ఎక్కుతూ మెట్టు చూడక బోర్లా పడబోయాను, చెయ్యందించావు. నువ్వు! చెయ్యి! చావబోయేవాళ్ళనే వెక్కిరించకుండా వదిలేస్తారు. నాకేమయింది? నిజం చెప్పు."

అడిగింది మరదలు, అడిగింది వెక్కిరింత. ఇక తప్పించుకునే దారి లేదు.

"ఏముందే గుడ్లగూబా," అన్నాను, "గుడ్లగూబకి పగలైనా కాస్త కనబడుతుంది. మొన్న మొదటి గీత మీద ఎనిమిది తెల్లతలలు నీ ముక్కు కిందే పేరంటం పెట్టుకున్నాయి. నీ బొటనవేలు పడుకుని గురక పెట్టింది."

హారిస్ కాఫీ గిన్నె దింపేశాడు. ఫిలొమీనా ఎడమ కన్ను చేత్తో మూసి, కుడి కంటితో కిటికీ ఎక్కడుందా అన్నట్టు వెతికింది. తర్వాత నాకేసి చూసింది.

"ఉన్నాయా?"

"ఉన్నాయి."

"రెండో గీత మీద?"

"ఉన్నాయే. అన్నిటి మీదా ఉన్నాయి. నువ్వు చెప్పనివి నేనూ చెప్పలేదు. నీ సీటు పోతుందని."

"ఉన్నాయా!" అంది మళ్ళీ, అరిచినట్టు. నా గుండెల మీద రెండు చేతులతో గుద్దింది. "ఉన్నాయని తెలిసి లేవన్నావా? రెండ్రోజులు నన్ను చంపుకుతిన్నావు కదరా! నేనే తరిమేశానని, ముసల్దానికి పైకెళ్ళి ఏం చెప్పాలా అని... కన్నేనా పోయింది? ఒక్క కన్నేనా?" ఏడుస్తోందో నవ్వుతోందో ఆమెకే తెలియలేదు. నాకు మాత్రం ఏడుపే వచ్చింది.

ఆమె ముక్కు తుడుచుకుని హారిస్ వైపు తిరిగింది. "నా లెక్కలు కొట్టెయ్యండి. నిరుటివి కూడా. ఈయనవీ కొట్టెయ్యండి. నాది గుడ్డి కన్ను, ఈయనది గుడ్డి నోరు."

హారిస్ మా ఇద్దరి రికార్డర్లూ తీసుకుని సంచిలో వేశాడు. "గీతలన్నీ మళ్ళీ ఎగరాలి. మీ ఇద్దర్నీ మాత్రం ఎక్కించలేను" అన్నాడు. నన్ను ఇంకెప్పుడూ ఎక్కించరని తర్వాత చెప్పాడు. న్యాయమే. కన్ను తప్పితే మందుంది, తెలిసి నోరు మూసుకున్నవాడి లెక్క ఎవడు నమ్ముతాడు?

మధ్యాహ్నానికి మంచు విడింది. హారిస్ కబురు పెడితే పట్నం నుంచి ఇంకో విమానంలో వచ్చిన ఇద్దరు కొత్తవాళ్ళు ఎక్కారు. ఫిలొమీనా మా ఇంటికొచ్చి, బెంచీ మీద నా కోటు తలకింద పెట్టుకుని, "కాసేపు ఊరుకో బావా" అని గోడవైపు తిరిగింది. కాసేపటికి విమానం మా ఇంటి కప్పు మీదుగా గిన్నెలు అదిరేలా సముద్రం వైపు పోయింది. ఆమె లేవలేదు. నిద్రపోతోంది.