పైనుంచి మూడో మెట్టు

ప్రొద్దుటూరు బట్టల బజారులో ఒక అంగడి ఉండేది. నూలు చీరలు కింద, పట్టు చీరలు పైన. పైకి నిటారుగా చెక్క మెట్లు. వాటిలో పైనుంచి మూడో మెట్టు పలక ఒక చివర మేకులు ఊడి, కాలు పెడితే లేచేది. గుమాస్తాలు దాన్ని తొక్కకుండా దాటేవారు. ఏళ్ళ తరబడి దాటి దాటి, దాటుతున్నామన్న సంగతే మరిచిపోయారు. వీధిలోకి వచ్చి మాత్రం, "రాండమ్మా రాండి, పట్టు పైన, పైకి రాండి" అని గొంతు చించుకునేవారు. మెట్టు సంగతి ఆ పిలుపులో ఉండేది కాదు.

నా భార్య ఆ మెట్టు మీదినుంచే పడింది.

నేను జమ్మలమడుగులో బడిపంతులును. పట్టు కొనే స్తోమత మాకు లేదు. ఆ రోజు కూడా కింద నూలు చీరలే తీసుకున్నాం. గుమాస్తా మూట కడుతుండగా ఆమె, "పైన ఊరికే చూసొస్తా. చూసేదానికి దుడ్లు అడగరు గదా" అని నవ్వుతూ బయలుదేరింది. నేను మూట కోసం కిందే నిలబడ్డాను. చప్పుడు విన్నాను. తల వెనక దెబ్బ. కడప ఆసుపత్రికి తీసుకుపోయాం. ప్రాణంతో తిరిగి తెచ్చుకోలేకపోయాం. ఇంతకంటే రాయడం నాకు చేతకాదు. రాస్తే అది ఆమె గురించి కాక నా గురించి అవుతుంది.

అప్పటికి ఆంధ్ర రాష్ట్రం కొత్తగా ఏర్పడింది. కర్నూలులో గుడారాలు వేసి ఆఫీసులు నడుపుతున్నారు.

కర్మలు పూర్తికాకముందే ఆ అంగడి షావుకారు మా ఇంటికి వచ్చాడు. మంచి మనిషని ఊరంతా అనేది. ఊరి కంటే ముందు ఆయనే అనేవాడు. సంచి నిండా చీనీకాయలు తెచ్చాడు. కండువాతో కళ్ళు ఒత్తుకున్నాడు.

"మెట్టుదేముంది అయివారూ. ఆయుస్సు అయిపాయ. ఆయమ్మకు ఆడ రాసిపెట్టినాడు దేవుడు."

"దేవుడు మీ అంగట్లోనే రాయాలా?" అన్నాను.

"యాడన్నా ఒకచోట రాయల్ల గదప్పా."

"సరే. నాకు మీరేమీ ఇవ్వనక్కర్లేదు. ఆ పలక బిగించండి. ఇంకొకరు పడతారు."

ఆయన ముఖం చిన్నబోయింది. తెచ్చిన చీనీకాయల వైపు ఒకసారి చూసుకున్నాడు. "ఇప్పుడు బిగిస్తే జనం ఏమనుకుంటారు? మెట్టు చెడిపోయిందనే గదా? ఇన్నాళ్ళూ బాగుందని నమ్ముకోని వస్తాండారు."

నేను తర్కం కొంత చదువుకున్నాను. ఇంత గట్టి వాదన ఏ పుస్తకంలోనూ కనపడలేదు.

అట్లా అని ఆయన చేతులు కట్టుకొని కూర్చోలేదు. పురోహితుణ్ణి పిలిపించి మెట్టుకు శాంతి చేయించాడు. పలకకు పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టారు. పైన దూలానికి నిమ్మకాయలు, మిరపకాయలు కట్టారు. గుమ్మడికాయతో దిష్టి తీసి వీధిలో పగలగొట్టారు. గుమ్మడికాయ పట్టిన ఆ చేతిలో సుత్తి ఉండుంటే కాసేపటి పని. ఆ తరువాత ప్రతి శుక్రవారం పలకకు పసుపు కొత్తగా రాసేవారు. అట్లా మూడో మెట్టు దేవుని మెట్టయింది. తెలిసిన ఆడవాళ్ళు దాన్ని వేళ్ళతో తాకి, కళ్ళకు అద్దుకొని, దాటి పైకి పోయేవారు. ఒక మనిషిని చంపిన పలకకు మా ప్రాంతంలో అంతకంటే పెద్ద శిక్ష ఏముంటుంది?

జమ్మలమడుగులో కూడా విచారణ జరిగింది, మా ఇంటి అరుగు మీదే. "కుచ్చిళ్ళు కాళ్ళకు అడ్డం పడింటాయి" అన్నారు ఒకరు. "ఆడమనిసికి అంత తొందరేంది?" అన్నారు ఇంకొకరు. నా భార్య ఎంత నిదానస్తురాలంటే, పొయ్యి మీది పాలు కూడా ఆమె వచ్చేదాకా ఆగేవి. అయినా తీర్పు వచ్చేసింది. తప్పు చీరెది.

నా బావమరిది, అంటే ఆమె తమ్ముడు, పులివెందులలో ఉండేవాడు. ఆ అంగడి మిద్దె సొంతదారు కూడా పులివెందుల మనిషేనని తెలిసి, అడగడానికి పోయి, అదే రోజు బస్సుకు మా ఇంటికి వచ్చాడు.

"ఏమన్నాడు?" అని అడిగాను.

"మిద్దె నాదేనప్పా, మెట్లు నాయి గావు, అంగడాయన పెట్టించుకున్యాడు అన్యాడు బావా. పొద్దుటూర్లో దిగి షావుకారును అడిగితే, మెట్లు మిద్దెతో పాటే వచ్చినాయి, నేను బాడుగకుండే మనిసిని అంటాడు." వాడు చెంబెడు నీళ్ళు తాగి, మూతి తుడుచుకున్నాడు. "మిద్దెకు సొంతదారుండాడు. అంగడికుండాడు. చీరలకుండాడు. ఆ మెట్టొక్కటే దిక్కులేంది."

దిక్కులేనివాళ్ళకు కోర్టు దిక్కు అంటారు కదా. వ్యాపారం కోసం జనాన్ని లోపలికి పిలిచినవాడు వాళ్ళు కాలు పెట్టే చోటును భద్రంగా ఉంచాలి, తనకు తెలిసిన ప్రమాదం గురించి వాళ్ళకు చెప్పాలి అని న్యాయశాస్త్రం చెబుతుందని నేను చదివాను. చదివింది నమ్మడం నాకు చిన్నప్పటినుంచి ఉన్న జబ్బు. ప్రొద్దుటూరులోనే ఒక వకీలును పెట్టుకున్నాను.

"ఎంత అడుగుదాం సార్?" అన్నాడు ఆయన.

"మెట్టు బిగించమని అడగండి."

"అదొక దావానా సార్? నవ్వుతారు. పరిహారం అడిగితే కేసంటారు, మెట్టు అడిగితే పిచ్చంటారు."

ఆయన ఏదో ఒక అంకె వేశాడు. నేను సంతకం పెట్టాను.

షావుకారు తరఫున వచ్చిన జవాబు చదివి నేను చాలా నేర్చుకున్నాను. మెట్టు చెడిపోలేదు. ఒకవేళ చెడిపోయినా ఆ సంగతి ప్రతివాదికి తెలియదు. ఒకవేళ తెలిసినా అది ఊరందరికీ తెలిసిన సంగతే కాబట్టి మృతురాలికీ తెలిసే ఉండాలి. ఆమె నూలు చీరలు కొనడానికి వచ్చింది కాబట్టి పట్టు మెట్లు ఎక్కే పని ఆమెకు లేదు. పైగా ఆ మెట్టుకు ప్రతి శుక్రవారం పూజ జరుగుతున్నందున, దాని పట్ల అశ్రద్ధ చూపారనడం అన్యాయం.

నేను రెండుసార్లు చదివి వకీలుకు తిరిగి ఇచ్చాను. ఆయన మెచ్చుకోలుగా తల ఊపి, "బాగా రాసినాడు" అన్నాడు. తరువాత గొంతు తగ్గించి, "ఒక్కటి గుర్తు పెట్టుకోండి. వాళ్ళు ఆ మెట్టు బాగుచేయకుండా మీరు కనిపెట్టుకోనుండల్ల. కోర్టు కమిషనరు వచ్చి చూసేదాకా అది అట్లనే ఉండల్ల. అదే మన సాక్షి" అన్నాడు.

అవతలి వకీలు కూడా షావుకారుకు అదే చెప్పాడని తరువాత తెలిసింది. కేసు తేలేదాకా మెట్టు మీద చెయ్యి వేయొద్దు, బిగిస్తే తప్పు ఒప్పుకున్నట్టే అని. ఆ దావా మొత్తంలో ఇద్దరు వకీళ్ళకు మాట కలిసింది ఈ ఒక్కచోటే. మెట్టు బిగించాలని కోర్టుకు పోయినవాణ్ణి, మెట్టుకు కాపలావాణ్ణయ్యాను.

కమిషనరు రావడం వాయిదా పడుతూ పోయింది. ఒకసారి ఆయనకు జ్వరం. ఒకసారి అవతలి వకీలు ఇంట్లో పెళ్ళి. ఒకసారి ఎందుకో ఎవరూ చెప్పలేదు. ఈలోగా ఆంధ్ర రాష్ట్రం ఆంధ్రప్రదేశ్ అయింది. రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు పోయింది. బల్లలు, ఫైళ్ళు, మంత్రులు అందరూ కదిలారు. మూడో మెట్టు మాత్రం కాలు పెడితే తప్ప కదల్లేదు.

ఒక వాయిదా రోజు కోర్టు నుంచి వస్తూ అంగట్లోకి తొంగిచూశాను. సాక్షి క్షేమంగా ఉన్నాడో లేదో చూసుకోవడం నా పని కదా. సీమంతం చీరెకని ఒక కుటుంబం వచ్చింది. నిండు కడుపుతో ఉన్న పిల్ల మెట్లెక్కుతోంది. వెనక అత్త.

"తొక్కద్దు మ్యా, అది దేవుని మెట్టు. దాటు."

"అంత ఎత్తు యాడ దాటేది అత్తా?"

"మేమంతా దాటల్యా? దాటు."

ఆ పిల్ల చీరె ఎత్తిపట్టి కాలు చాచింది. గోడకు ఆనించిన చెయ్యి జారింది. పైనున్న గుమాస్తా జబ్బ పట్టుకొని లాగాడు. తరువాత అత్త నవ్వేసింది. "లోపలుండేది మొగపిల్లోడే. అప్పుడే దూకులాడతాండాడు." అందరూ నవ్వారు. ఆ పిల్ల నవ్వలేదు. గోడకు ఆనుకొని ఆయాసపడుతూ, తాను దాటిన మెట్టు వైపు చూస్తోంది.

నేను వెనక్కి పోయి వకీలుకు చెప్పాను.

"పడిందా?" అన్నాడు ఆత్రంగా.

"లేదు."

"అయ్యో" అన్నాడు.

ఆయన చెడ్డవాడు కాదు. నా కేసు గెలవాలని కోరుకునే మనిషి. "ఇంకొకరు పడింటే మనకు శానా బలం సార్" అని వివరించాడు కూడా. నేను అక్కడినుంచి ఇంటికి పోలేదు. పులివెందుల బస్సెక్కాను.

మరునాడు మధ్యాహ్నానికి బావమరిది, నేను, వాడు మాట్లాడి తీసుకొచ్చిన వడ్రంగి సాయిబు, ఒక వేప పలక, అందరం ఆ అంగట్లో ఉన్నాం. షావుకారు భోజనానికి పోయాడు. సంచిలో రంపం, చేతిలో పలక ఉన్న మనిషిని యజమానే పంపించి ఉంటాడనుకొని గుమాస్తాలు దారి ఇచ్చారు. ఒకడు మంచినీళ్ళు కూడా తెచ్చాడు. సాయిబు మెట్లెక్కి మూడో మెట్టు దగ్గర ఆగిపోయాడు.

"సార్, పసుపూ కుంకుమా ఉండాది. నేను ముట్టుకుంటే మీవోళ్ళు ఏమన్నా అంటారేమో."

"మావోళ్ళు ముట్టుకోకనే గదా మామా మా అక్క పోయింది" అన్నాడు బావమరిది. "నువ్వు పీకు."

సాయిబు పీకాడు. పెద్ద కష్టం కూడా కాలేదు. కొత్త పలకకు మేకులు దిగుతుండగా షావుకారు వచ్చాడు.

"ఏంది ఇది? ఎవురు చెప్పినారు?"

"నేనే" అన్నాను.

"మీరా? కేసు పెట్టింది మీరే గదా అయివారూ! మీ వకీలు ఒప్పుకున్యాడా?"

"ఆయనకు చెప్పలేదు."

షావుకారు ఆలోచనలో పడ్డాడు. మెట్టు తాను బిగిస్తే ఏమవుతుందో ఆయన వకీలు చెప్పాడు. దావా వేసినవాడే వచ్చి బిగిస్తే ఏం చేయాలో చెప్పలేదు. ఆయన సాయిబు వైపు, నా వైపు, గుమాస్తాల వైపు చూశాడు.

"నేనింగా రాల్యా. భోజనానికి పోయిండా" అని గుమాస్తాలకు చెప్పి, చెప్పులు వేసుకొని వెళ్ళిపోయాడు. ఆ రోజు ఆయన రెండుసార్లు భోంచేసి ఉండాలి.

కమిషనరు ఆ తరువాత ఎంతో కాలం పట్టకుండానే వచ్చాడు. జ్వరాలు, పెళ్ళిళ్ళు అన్నీ ఒక్కసారిగా తీరిపోయాయి. మూడో మెట్టు మీద నిలబడి చూసి, దృఢంగా ఉందని రాసుకుపోయాడు. కోర్టులో అవతలి వకీలు లేచి, వాది స్వయంగా మెట్టును బాగుచేయించాడంటే మెట్టు బాధ్యత వాదిదేనని ఆయనే ఒప్పుకున్నట్టు కదా అన్నాడు. దావా కొట్టేశారు.

"చేతులారా సాక్షిని చంపుకున్యారు గద సార్" అన్నాడు నా వకీలు. ఆయన బాధ నిజమైనదే.

కొన్ని నెలల తరువాత ఏదో పనిమీద ప్రొద్దుటూరు పోయి ఆ వీధిలో నడుస్తున్నాను. గుమాస్తాల పిలుపు మారింది. "రాండమ్మా రాండి, పైకి రాండి, మా మెట్లు గట్టియని కోర్టే చెప్పింది!" లోపలికి పోయాను. ఆ రోజు శుక్రవారం. కొత్త పలకకు కూడా పసుపు రాసి బొట్లు పెట్టారు. ఆడవాళ్ళు ముందులాగే చీరెలు ఎత్తిపట్టి దాటుతున్నారు.

నేను చెప్పులు కింద విడిచి మెట్లెక్కాను. మూడో మెట్టు మీద కాలు పెట్టబోతుంటే గుమాస్తా కేక వేశాడు. "అయివారూ, తొక్కద్దు! దేవుని మెట్టది!"

రెండు కాళ్ళూ పెట్టి దాని మీద నిలబడ్డాను. అరికాళ్ళకు పసుపు అంటింది. పలక కదల్లేదు. కింద మెట్ల మీద నలుగురైదుగురు ఆడవాళ్ళు ఆగిపోయి, నాకేమవుతుందోనని చూస్తున్నారు. ఏమీ కాలేదు. వాళ్ళలో ఒక పెద్దావిడ, మోకాళ్ళ నొప్పులున్న మనిషిలా ఉంది, "ఆయప్పకేం గాల్యా గదా, నాకేమైతాది, పదండి మ్యా" అని తానూ ఆ పలక మీద కాలు పెట్టింది. వెనకున్నవాళ్ళు ఒకరి వెనక ఒకరు తొక్కుకుంటూ వచ్చారు.

వాళ్ళకు దారి ఇచ్చి నేను పైకి పోయాను. ఆమె చూసి వస్తానన్నది నేను అప్పటిదాకా చూడలేదు. నేల మీద తెల్లటి దుప్పటి పరుపు, గోడ పొడుగునా అరలు, వీధి వైపు ఒక కిటికీ. గుమాస్తా నన్ను కూర్చోబెట్టి చీరెలు విప్పడం మొదలుపెట్టాడు. కొనేది లేదు, ఊరికే చూడ్డానికి వచ్చానని చెప్పాను.

"చూడండి సార్, చూసేదానికేం" అని ఇంకొకటి విప్పాడు.