ముఖాలు కనిపించని విగ్రహాల సైటు

ఆళ్లగడ్డలో మా అన్న రాతి విగ్రహాలు చెక్కుతాడు. నంద్యాలలో నేను నెట్ సెంటర్ నడుపుతాను. ఇద్దరిలో తెలివైనవాణ్ణి నేనేనని నాకు గట్టి నమ్మకం. ఇప్పుడు చెప్పబోయేదంతా ఆ నమ్మకం పుణ్యమే.

మిషన్ మీద కోసిన విగ్రహాలు వచ్చాక అన్నకు పని తగ్గింది. ఒకరోజు ఫోన్ చేసి, బెంగుళూరులో గ్రానైట్ పలకలు కోసే చోట పని ఉందని, దసరా దాటాక షెడ్డు మూసేసి వెళ్లిపోతానని చెప్పాడు. నాయన పోయాక ఆళ్లగడ్డలో నాకంటూ మిగిలింది అన్న ఒక్కడే. వెళ్లొద్దని అడగడానికి సిగ్గేసింది. దానికి బదులు, నీకొక వెబ్‌సైటు చేస్తాను, ప్రకటనలకు పైసా పెట్టకుండా లోకమంతా నీ షెడ్డుకే వచ్చేట్టు చేస్తానని కోతలు కోశాను.

సైటు తయారుచేయడం సులువే. చిక్కంతా ఫోటోల దగ్గర వచ్చింది. మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. విగ్రహం ముఖం పూర్తి కాగానే గుడ్డ కట్టేస్తారు. ప్రతిష్ఠ రోజు గుళ్లోనే విప్పాలి. విప్పాక గర్భగుడి దగ్గరికి ఫోన్లు రానివ్వరు. అంటే ఇన్నేళ్ల పనిలో అన్న చెక్కిన ఒక్క ముఖానికి కూడా ఫోటో లేదు. ఇలాంటివన్నీ చాదస్తాలని నెట్ సెంటర్లో కూర్చుని ఎందరికో ఉపన్యాసాలు ఇచ్చినవాణ్ణి నేను. అన్న భోజనానికి వెళ్లింది చూసుకుని, షెడ్డులో అమ్మవారి ముందు నిలబడి గుడ్డ కొస పట్టుకున్నాను. చెయ్యి పైకి లేవలేదు. చుట్టూ ఎవరూ లేకపోయినా లెంపలేసుకుని బయటికి వచ్చేశాను. చివరికి వరసగా గుడ్డలు కట్టిన దేవుళ్లతోనే సైటు తెరిచాను. మా ఆవిడ చూసి, ఇది కంటి ఆపరేషన్ల ఆసుపత్రిదా అని అడిగింది.

ఇక జనాన్ని రప్పించాలి. వెతికినప్పుడు మనమే ముందు రావాలంటే పేజీలో ఆ మాటలు పదే పదే ఉండాలని ఎక్కడో చదివాను. ఆళ్లగడ్డ విగ్రహాలు, ఆళ్లగడ్డ రాతి విగ్రహాలు, మంచి ఆళ్లగడ్డ రాతి విగ్రహాలు అని పేజీ నిండా రాశాను. ఎవరో జపం చేస్తున్నట్టుందని మా ఆవిడ సగంలోనే ఆపేసింది. బడి స్నేహితుల గ్రూపులోనూ, బావమరిది పెళ్లి గ్రూపులోనూ, మా వీధి నీళ్ల ట్యాంకర్ గ్రూపులోనూ రోజూ పొద్దున్నే లింకు పెట్టాను. పెళ్లి గ్రూపులోంచి నన్ను తీసేశారు. ఆళ్లగడ్డ బస్సులో పక్క సీటాయన ఫోన్ అడిగి తీసుకుని, దాంట్లో నా సైటు తెరిచి చేతికిచ్చాను. ఆయన శిరివెళ్ల రాకముందే సీటు మారాడు.

అయినా చూసినవాళ్ల లెక్క రోజురోజుకీ పెరుగుతోంది. పొంగిపోయి అన్నకు చెప్పాను. ఆ లెక్కలో ముప్పాతిక వంతు నేనేనని తర్వాత తెలిసింది. పెరిగిందా లేదా అని గంటగంటకూ తెరిచి చూసింది నేనే కదా. అన్న నన్ను తిట్టలేదు. "చూసేటోళ్లు సరే, వచ్చేటోళ్లు యాడరా?" అని మాత్రం అడిగాడు. ఆ మాటకు తిట్టినా బాగుండేదనిపించింది.

దసరా దగ్గర పడుతుండగా సంజామల నుంచి ఒకాయన ఫోన్ చేశాడు. రిటైరైన టీచరు, సైటు చూశాడట. మరునాడే ఆళ్లగడ్డలో బస్సు దిగాడు. నేను నెట్ సెంటర్ మూసేసి ముందే వెళ్లి, కుర్చీ తుడిచి వేసి, ఏ దేవుడి విగ్రహం కావాలని అడిగాను. తాము చర్చికి వెళ్లేవాళ్లమని, భార్య సమాధికి పేరు చెక్కిన రాయి కావాలని ఆయన మెల్లగా చెప్పాడు. విగ్రహాలు విగ్రహాలని అంత జపం చేస్తే, విగ్రహంతో పనిలేని ఒకే ఒక్క మనిషి వచ్చాడు. నా ముఖం వాడిపోయింది. సమాధి రాళ్లు చెక్కేవాళ్లు మీ దగ్గర్లోనే ఉంటారు కదా, ఇంతదూరం ఎందుకొచ్చారని ఉండబట్టలేక అడిగేశాను.

"మీరు ముఖాలు కప్పినారు గదప్పా," అన్నాడాయన. "అమ్ముకునేదానికి గూడా విప్పలా. మా ఇంటామె పేరు గూడా అంత మర్యాదగానే చెక్కుతారని వచ్చినా."

అన్న లేచి, ఆయనను రాళ్ల దగ్గరికి తీసుకెళ్లాడు.

రాయి పూర్తయ్యేసరికి దసరా దాటిపోయింది. సంజామల సమాధుల తోటలో దాన్ని నిలబెట్టే రోజు నేనూ వెళ్లాను. బెంగుళూరు వాళ్లు మళ్లీ ఫోన్ చేశారని దారిలో అన్న చెప్పాడు. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. ఏమని అడగాలో అప్పటికీ నాకు తెలియలేదు.

టీచరు తన భార్య పేరులో ఒక్కో అక్షరాన్నీ వేలితో తడిమాడు. తర్వాత దాని కింద చదునుగా ఉన్న చోటు మీద అరచెయ్యి పెట్టాడు.

"ఈడ నా పేరు రావల్ల. అది గూడా నువ్వే చెక్కల్లప్పా."

నేను అన్న వైపు చూశాను. అన్న ఉలుల సంచి కింద పెట్టాడు.

"చెక్కుతా సార్," అన్నాడు. "మీరేం తొందరపడాకండి. నేను ఈడనే ఉంటా."