రేవు గల్లీ బోర్డు

అశోక్ నగర్‌లో నాలా వెంట ఒక సందు ఉంది. దాని పేరు రేవు గల్లీ. అక్కడికి తీసుకుపొమ్మని మా అమ్మ కొన్నాళ్లుగా నా ప్రాణం తీస్తోంది. ఆ నాలా వాగుగా పారిన రోజుల్లో మా అమ్మమ్మ అక్కడే చుట్టుపక్కల ఇళ్లవాళ్ల బట్టలు ఉతికేది. బండలు పోయాయి, గుడిసె పోయింది, వాగు మురికి కాలువైంది. మిగిలింది పేరొక్కటే. దాన్నయినా బోర్డు మీద తన కళ్లతో చదవాలని అమ్మ పట్టు. చదవడం ఈమధ్యే మా అమ్మాయి దగ్గర నేర్చుకుంది.

చిక్కడపల్లి నుంచి నడిచే పోదామంది. ఆటో ఎక్కమంటే వింటే కదా! ఫుట్‌పాత్ నిండా బండ్లు, ఆ బండ్ల మీద కూర్చుని కోచింగ్ నోట్సు బట్టీ పట్టే పిల్లలు. పక్కకి జరగమని బతిమాలుతూ అమ్మని నడిపించేసరికి నాకు తలప్రాణం తోకకొచ్చింది.

సందులోకి తిరిగితే ఆ రొద లేదు. ఒక పక్క ఇళ్లు, ఇంకో పక్క నాలా గోడ. మొదట్లోనే కొత్త బోర్డు: రావు గల్లీ.

ఒళ్లు మండిపోయింది. రేవుని ఎవడో ఇంగ్లీషులో తప్పు రాశాడు. ఇంకెవడో దాన్ని మళ్లీ తెలుగులోకి దించి రావుని చేశాడు. గేటు దగ్గర పేపరు చదువుతున్న ఒక పెద్దమనిషిని అడిగాను. రావుగారంటే నిజాం కాలపు పెద్ద వకీలట, ఈ జాగా అంతా ఆయనదేనట. పుట్టని మనిషికి ఆస్తిపాస్తులు కూడానా! ఇది బట్టలుతికిన రేవండీ అని చెప్పాను. ఆయన పేపరు దించాడు.

"అయితే అయ్యుండొచ్చు తమ్మీ. గిప్పుడు గా పేరెందుకు? రావు అంటే జర ఇజ్జత్‌గ ఉంటది."

ఇజ్జత్ అట! మా అమ్మమ్మ ఉతికి ఇస్తేనే కదా ఇక్కడి పెద్దమనుషులు తెల్లబట్టలేసుకుని కోర్టు కచేరీలకు పోయింది. ఆ మాటే ఆయన మొహం మీద అనేశాను. గొంతు బాగా లేచింది. పై అంతస్తులో ఎవరో కిటికీ తీసి చూశారు.

అమ్మ ఇదేమీ పట్టించుకోలేదు. బోర్డు ముందు నిలబడి అక్షరాలు కూడబలుక్కుంటోంది. అయిపోయింది, ఇంత దూరం నడిపించి ఆమె గుండె పగలగొట్టాను అనుకున్నాను. ఆమె గోడ దగ్గరికి పోయి, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, కింద నల్లటి నీళ్లను చాలాసేపు చూసింది.

"సరిగ్గనే రాసిండ్రు బిడ్డా," అంది. "గా నీళ్లు ఇగ రావు."