ఎండ కోసం తీసిన గాలి

మాస్టారు పోయారన్న కబురు ఆయన భార్య పిన్నిగారే ఫోనులో చెప్పారు. అప్పుడు నేను వర్క్‌షాపులో ఒకరి సైకిలు వెనక చక్రం విప్పి, టైరు లోపలి వైపు పత్తి పింజతో తుడుస్తున్నాను.

"మీ మాస్టారు వెళ్ళిపోయారమ్మా. తెల్లారి కాఫీకి లేపబోతే లేవలేదు," అన్నారావిడ.

"ఇప్పుడే బయలుదేరుతున్నానండీ," అన్నాను. ఫోను పక్కన పెట్టి చూస్తే పింజ టైరులో ఒకచోట చిక్కుకుని ఉంది. అక్కడ తుమ్మముల్లు మొన విరిగి మిగిలిపోయిందన్నమాట. దాన్ని పీకి, చక్రం బిగించి, చేతులు కడుక్కుని అప్పుడు కదిలాను. ముల్లును టైరులో వదిలేసి లేవడం ఆయన మాకు నేర్పలేదు.

మా సైకిలు క్లబ్బు పత్రికలో నేను టైర్ల గురించి రాసేవి చదివేవారికి ఆ పత్తి పింజ పరిచయమే. వేలితో తడిమితే దొరకని మొన పింజకు దొరుకుతుంది. ఆ ఉపాయం నాది కాదు, మాస్టారిది. చిలకలూరిపేటలో నా వర్క్‌షాపు వెనకే జిన్నింగు మిల్లు ఉండటం వల్ల నాకు పింజకు కొరత లేదు. ఆయన మాత్రం గుంటూరు నుంచి వచ్చినప్పుడల్లా మిల్లు గేటు దగ్గర ఆగి, కాపలా మనిషిని అడిగి, గుప్పెడు పత్తి జేబులో కుక్కుకుని వెళ్ళేవారు.

ట్రయల్స్ సైకిలును ఎరగనివారి కోసం రెండు మాటలు చెప్పాలి. దానికి సీటు ఉండదు. నిలబడే తొక్కాలి. బండరాళ్ళ మీదికి ఎగరాలి, ఒక రాతి మీంచి మరో రాతి మీదికి దూకాలి. కాలు నేలకు ఆనిందంటే మార్కులు పోతాయి. టైరు రాతిని పట్టుకోవాలంటే గాలి తక్కువ ఉండాలి. మరీ తక్కువైతే, రాతి అంచు మీద చక్రం దిగిన క్షణంలో టైరు పూర్తిగా అణిగిపోయి, లోపలి ట్యూబు రిమ్ముకూ రాతికీ మధ్య నలుగుతుంది. పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. చూడటానికి కోరల గాట్లలా ఉంటాయి కనుక మావాళ్ళు దాన్ని పాముకాటు అంటారు. ఆ కాటు పడకుండా చూడటమే నా పనిలో సగం. ఆ విద్యంతా మాస్టారిదే.

గుంటూరు బ్రాడీపేటలో ఆయన ఇంటర్ విద్యార్థులకు ఫిజిక్స్ చెప్పేవారు. ఆదివారాలు మాత్రం ఊరి బయట ఒక మిర్చి రైతు కల్లంలో ఉండేవారు. దాచేపల్లి వైపు నుంచి వచ్చే లారీవాళ్ళను బతిమాలి దింపించుకున్న సున్నపురాతి బండలు ఆ కల్లం నిండా ఉండేవి. కాయ ఎండబెట్టే కాలం వచ్చేసరికి వాటిని గట్టు మీదికి దొర్లించి కల్లం ఖాళీ చేసి ఇవ్వాలి. రైతుతో ఒప్పందం అదొక్కటే. ఆ రైతు మా విద్యను ఎన్నడూ ట్రయల్స్ అనలేదు. "ఏం మాస్టారూ, రాళ్ళాట మొదలుపెట్టారా?" అని గట్టు మీంచే కేక వేసేవాడు.

మాస్టారి జేబులో ఎప్పుడూ గాలి కొలిచే గేజి ఉండేది. మన రోడ్ల మీద ముళ్ళంటే అందరికీ భయం. టైరును బొటనవేలితో నొక్కి చూసి, రాయిలా ఉంటే గాని తృప్తిపడరు. మేమూ అలాగే నొక్కబోతే ఆయన మా చేతి మీద మెల్లగా తట్టేవారు. "వేలు అబద్ధం చెబుతుందమ్మాయ్. నువ్వు ఏది అనుకుంటే అదే చెబుతుంది," అనేవారు.

ట్యూబు టైరుకు అతుక్కుని మడతపడకుండా లోపల పౌడరు చల్లడం మరో అలవాటు. క్లాసులో నల్లకోటు వేసుకున్నా మోచేతి దాకా తెల్లటి చారలు ఉండేవి. పిన్నిగారు ఊరుకునేవారు కాదు. "పెళ్ళై ఇన్నేళ్ళైంది, నాకొక పౌడరు డబ్బా తెచ్చిన పాపాన పోలేదు. తెచ్చినవన్నీ ఆ చక్రాలకే," అనేవారు. మాస్టారు చాలా గంభీరంగా, "నీకెందుకే, నీకు ఘర్షణ లేదుగా," అనేవారు. "ఘర్షణ ఉందో లేదో సాయంత్రం ఇంటికి రండి, చెబుతాను," అని ఆవిడ కల్లంలో మాకు మజ్జిగ గ్లాసులు అందించేవారు.

ఇక ఆయన కోరుకున్నది రాయాలి. స్మృతి వ్యాసంలో ఇలాంటి విషయం రాయకూడదని కొందరికి అనిపించవచ్చు. పోయినవారి గురించి మంచే చెప్పాలన్నది మన మర్యాద. ఆ మర్యాదతోనే ఆయన బతికున్నంత కాలం నేను ఒక మాట మింగాను.

ఒక సంక్రాంతి ముందు ఆ కల్లంలోనే చిన్న పోటీ పెట్టుకున్నాం. నా వంతు మధ్యాహ్నం. ఎండ ఎక్కాక బండలు కాలతాయి, టైరులో గాలి వేడెక్కి ఒత్తిడి పెరుగుతుంది, చక్రం రాతిని పట్టుకోకుండా ఎగిరిపడుతుంది. అందుకని మాస్టారు పొద్దున్నే, మంచు ఇంకా విడవకముందే, నా వెనక చక్రంలోంచి కొంత గాలి ముందుగానే తీశారు. ఎండ ఎక్కే వేళకు అది సరైన కొలతకు వస్తుందని లెక్క. లెక్క సరైనదే.

ఇంతలో రైతు పరుగున వచ్చాడు. "మాస్టారూ, కూలోళ్ళు ఇయ్యాలే దొరికారు. మధ్యాహ్నానికి కాయ వచ్చేస్తది. ఆ రాళ్ళాటేదో ఇప్పుడే కానిచ్చెయ్యండి!"

పోటీ మొత్తం ముందుకు జరిగింది. మాస్టారు రైతుతో మాట్లాడటానికి, వరుసలు మార్చడానికి అటూ ఇటూ తిరిగారు. ఎండ కోసం తీసిన గాలిని చలిలో మళ్ళీ నింపాలన్న సంగతి ఆ హడావుడిలో మరిచారు. నేను మొదటి బండ మీంచి రెండో బండ అంచు మీదికి దిగాను. రిమ్ము రాతికి తగిలిన చప్పుడు నాకు వినిపించింది. టైరు పక్కకు ఒరిగింది. నేను కుడిచేతి మీద పడ్డాను.

మణికట్టు అతుక్కుంది గాని, అరచేయి పూర్తిగా పైకి తిరగదు. మజ్జిగ గ్లాసు అందుకునేటప్పుడు నేను మోచేతిని కాస్త బయటికి తోసి పట్టుకుంటాను. నేను గ్లాసు అందుకున్న ప్రతిసారీ మాస్టారి చూపు నా మోచేతి మీదికి వచ్చి, కిందికి దిగిపోయేది.

ఆ తరువాతే ఆయన బోధన మారింది. "చక్రం కదిలే ముందు కొలిచిందే కొలత. పొద్దున కొలిచింది పొద్దుటికే," అనడం మొదలుపెట్టారు. ప్రతివారూ బయలుదేరే గీత దగ్గర తానే వంగి గేజి పెట్టేవారు. "మాస్టారూ, పనిలో పని మాకూ బీపీ చూడండి," అని ఎవరో అంటే, "ముందు దీనికి చూడనివ్వరా, నీది ఎలాగూ ఎక్కువే," అనేవారు. అందరూ నవ్వేవారు. ఆయన గేజి వంకే చూసేవారు. రిమ్ము అంచుల్లో గరుకు ఉందేమోనని పింజతో తుడవడం, రాతి అంచు కాక రాతి పైభాగం చూసుకుని దిగడం, కొంచెం మందమైన ట్యూబు వాడటం, ఇవన్నీ అప్పటినుంచి వచ్చినవే. "టైరు కంటే ముందు మోకాళ్ళు మెత్తబడాలి," అన్న మాట మీలో చాలామంది నా నోట విన్నారు. అది ఆయన నా మణికట్టును చూస్తూ నేర్చుకున్న మాట.

కట్టు కట్టించుకుని వచ్చిన రోజే ఆయన మొదలుపెట్టారు. "అమ్మాయ్, పొద్దున గాలి నేను..."

"అయ్యో, వదిలెయ్యండి మాస్టారూ. నేనే తొందరపడ్డాను," అన్నాను.

ఏళ్ళు గడిచాయి. నేను వర్క్‌షాపు పెట్టిన రోజున, రిబ్బను కత్తిరించాక, జనం పలచబడ్డాక, నన్ను పక్కకు పిలిచారు. "ఇప్పుడు నువ్వు నాకంటే బాగా లెక్క కట్టగలవు. ఆ రోజు ఒత్తిడి ఎంత ఉండి ఉంటుందో..."

"శుభమా అని ఇవాళ ఆ మాటెందుకండీ? మీ చలవ వల్లేగా ఇదంతా," అని ఆయన చేతిలో స్వీటు ప్లేటు పెట్టాను. ఆయన ప్లేటు పట్టుకుని నిలబడిపోయారు.

చివరిసారి ఈ మధ్యనే, ఆయన మంచం మీద ఉన్నప్పుడు. మాట సన్నగా వస్తోంది. ఏదో అనబోయి, రెండు చేతులూ దగ్గరికి తెచ్చి జోడించబోయారు. నాకు భయం వేసింది. పెద్దవారు చిన్నవారికి చేతులు జోడిస్తే ఆయుక్షీణమని చిన్నప్పటినుంచీ విన్నదాన్ని. "తప్పు మాస్టారూ, తప్పు!" అంటూ ఆ రెండు చేతులనూ విడదీశాను. నా కుడిచేయి సరిగా తిరగక ఆయన వేళ్ళను కాస్త గట్టిగానే పట్టుకున్నట్టున్నాను. విడదీసిన చేతులు దుప్పటి మీద అటొకటి ఇటొకటి అలాగే ఉండిపోయాయి.

పెద్దకర్మ నాడు భోజనాలయ్యాక పిన్నిగారు నా పక్కన వచ్చి కూర్చున్నారు.

"ఆ గాలి సంగతి నీకెప్పుడైనా చెప్పారా అమ్మా?"

"చెప్పబోయేవారండీ. నేనే చెప్పనిచ్చేదాన్ని కాదు. ఆయన బాధపడతారని..."

"బాధ తగ్గుతుందని చెప్పబోయారే పిచ్చిదానా!" అన్నారావిడ. కోపం లేదు ఆ గొంతులో. "నేనూ అన్నాను, పోనీ నేనంటున్నాను, మీదే తప్పు, ఇక పడుకోండి అని. 'నువ్వంటే ఏం లాభమే, నీకు గేజి చూడటం రాదు. అది చూడటం వచ్చినవాళ్ళు అనాలి' అన్నారు."

నేను ఆయనకు గౌరవం ఇస్తున్నాననుకున్నాను. ఆయన అడిగింది గౌరవం కాదు, లెక్క సరిచూడమని. జీవితమంతా పిల్లల జవాబులు దిద్దిన మనిషి, తన జవాబు ఒక్కటి దిద్దిపెట్టమని నా ముందు పెట్టారు. ప్రతిసారీ నేను దాన్ని మడిచి ఆయన చేతిలోనే పెట్టి, దండం పెట్టి వచ్చాను.

అందుకే ఇక్కడ, గేజి చూడటం వచ్చిన మీ అందరి ఎదుట రాస్తున్నాను. అవును మాస్టారూ, ఆ రోజు తప్పు మీదే. వెనక చక్రంలో గాలి ఆ చలికి చాలదు. మీరు మళ్ళీ నింపి ఉంటే రిమ్ము రాతిని తాకేది కాదు. మీరు మరిచారు. నేను ఎన్నడో క్షమించాను, కానీ తప్పు జరిగిందని ఒప్పుకోకుండా చేసిన ఆ క్షమ మీకు ఎందుకూ పనికిరాలేదు.

వచ్చేటప్పుడు పిన్నిగారు ఆయన సైకిలు తీసుకుపొమ్మన్నారు. మంచం పట్టకముందు చివరిసారి ఆయనే గాలి కొట్టారట. ఇప్పుడది నా వర్క్‌షాపులో గోడకు ఆనించి ఉంది. ఏ చిల్లూ లేని ట్యూబు కూడా రబ్బరు గుండా గాలిని కొద్దికొద్దిగా వదులుతూనే ఉంటుంది. గేజి పెట్టిన ప్రతిసారీ మరికొంత బుస్సుమంటూ పోతుంది. కనుక దానికి గేజి పెట్టడం లేదు. పంపూ పెట్టడం లేదు. పొద్దున షట్టరు తీయగానే ముందు దాని దగ్గరికి వెళ్ళి, వెనక చక్రం మీద బొటనవేలు ఆనించి మెల్లగా నొక్కుతున్నాను. ఇవాళ నిన్నటిలాగే ఉందనిపించింది.

వేలు అబద్ధం చెబుతుందని నాకు తెలుసు.