ఉప్పుటేటి బురదకు పెద్దమ్మ వైద్యం

ఆ రోజుల్లో ఎమ్మెస్సీ ఆఖరి ఏడాదిలో ఉన్న ప్రతివాళ్లకీ ఒక జబ్బు ఉండేది. తమ ప్రాజెక్టు పూర్తయ్యేసరికి లోకం కనీసం ఒక అంగుళమైనా ముందుకు జరుగుతుందని నమ్మడం. నాకది కాస్త ముదిరింది. తీరంలో, ఉప్పుటేరు సముద్రంలో కలిసేచోట, మడచెట్ల కింద ఉండే బురదలో ఎన్ని రకాల బూజులు బతుకుతున్నాయో తేల్చడం నాకు అప్పగించిన పని. ఈ మాట ఇంట్లో చెప్తే మా అమ్మ, "బూజు చూడ్డానికి సముద్రం దాకా ఎందుకే, తడిసిన మిరపకాయల బస్తా ఒకటి విప్పితే చాలదా?" అంది. గొప్ప పనులు చేసేవాళ్లని ఇంట్లోవాళ్లు మొదట అర్థం చేసుకోరని ఎక్కడో చదివి ఉన్నాను.

బురద తీయడానికి ఒక శనివారం వాడరేవు వైపు వెళ్లాను. పడవ నడిపిన పెద్దాయన నన్నూ, నా పది గాజుసీసాలనీ, నా తెల్లకోటునీ (ఎవరూ వేసుకోమనలేదు, నేనే వేసుకున్నాను) చాలాసేపు చూసి, "చేపలకొచ్చినోళ్లని చూశాను, పీతలకొచ్చినోళ్లని చూశాను. బురద కోసం గుంటూరు నుంచి బస్సెక్కి వచ్చింది మాత్రం మీరేనండి" అన్నాడు. నాకు ఉత్సాహం వచ్చేసింది. చిటికెడు బురదలో కంటికి కనపడని బూజులు ఎన్నో రకాలుంటాయనీ, రాలిన మడాకుల్ని అవే కుళ్లబెట్టి మెత్తగా చేస్తాయనీ, దాన్ని తినే రొయ్యపిల్లలు పెరుగుతాయనీ ఉపన్యాసం ఇచ్చాను. ఆయన తెడ్డు ఆపి అంతా విని, "అయితే రొయ్యలకి వంట చేసిపెట్టేది బూజేనన్నమాట" అన్నాడు. నా ప్రాజెక్టు మొత్తంలో అంతకంటే మంచి వాక్యం నేను రాయలేదు. ఆ తర్వాత దిగి మోకాళ్ల దాకా కూరుకుపోయాను. ఒక చెప్పు ఇప్పటికీ అక్కడే ఉంది. సముద్రం దగ్గర్నుంచి మొదలుపెట్టి లోపలికి పోతూ ఒకటి నుంచి పది దాకా సీసాలు నింపాను.

నా ప్రాజెక్టు చూసే సారు ల్యాబు తాళంతో సహా పనిమీద ఒంగోలు వెళ్లారు, గురువారం దాకా రారు. అందాకా సీసాలు చల్లగా ఉండాలి. అందుకని చీరాలలో మా పెద్దమ్మ ఇంట్లో మకాం పెట్టాను. పెదనాన్న పాస్టరుగారు, పెద్దమ్మ చర్చి బడిలో టీచరు. కానీ ఆ పేటలో ఆవిడకి పేరొచ్చింది పాఠాల వల్ల కాదు, ఆవకాయ వల్ల. రెండేళ్లయినా ఆవిడ జాడీలో బూజన్న మాట ఉండదు. చుట్టుపక్కల ఎవరి పచ్చడి పాడవుతున్నా ఆవిడనే పిలిచేవారు. అలాంటి మనిషి ఫ్రిజ్‌లో పది సీసాల బురద పెట్టి, "ముట్టుకోకు పెద్దమ్మా, చాలా ముఖ్యమైనవి" అని మాత్రం చెప్పాను. అవి ఎందుకో చెప్పలేదు. పడవాయనకి అంత వివరంగా చెప్పినదాన్ని, తిండి పెట్టిన పెద్దమ్మకి నాలుగు ముక్కలు చెప్పలేకపోయాను. అదీ నా తెలివి.

గురువారం సీసాలు ల్యాబుకి చేరాయి. గాజుపళ్లేల్లో ఆ బురద వేసి వారం ఆగాం. మూత తీసి చూస్తే సారు ముఖం వెలిగిపోయింది. ఏడు నుంచి పది దాకా ఉన్న సీసాల పళ్లేల్లో పచ్చవి, నల్లవి, గులాబీ రంగువి, దూదిలాంటి తెల్లవి, తిరునాళ్లలా ఉంది. సముద్రం వైపువి, ఒకటి నుంచి ఆరు దాకా మాత్రం ఒకటో రెండో నీరసపు చుక్కలు. "చూశావా అమ్మా, ఇక్కడ గీత గీసినట్టు తెగిపోయింది. ఇది ఉప్పు చేసిన పనే" అన్నారు సారు. వచ్చే నెల సెమినార్లో నువ్వే చదవాలన్నారు. ఆ తర్వాతి వారం రోజులూ నేను నేలమీద నడవలేదు. ఏ చీర కట్టుకోవాలో కూడా నిర్ణయించుకున్నాను.

అప్పుడు పెద్దమ్మ ఫోన్ చేసింది. మంచీచెడూ అయ్యాక, "ఏమే, ఆ సీసాల్లో బూజు తగ్గిందా?" అని అడిగింది.

"ఏ బూజు పెద్దమ్మా?"

"అదేనే, నువ్వున్నప్పుడు కరెంటు పోయి ఫ్రిజ్ చల్లబడలేదుగా. ఏంటోనని మూత తీస్తే ఆకుముక్కల మీద తెల్లగా బూజు. నువ్వు చూస్తే ఏడుస్తావని, నువ్వు నిద్రపోయాక సీసాకో గుప్పెడు కల్లుప్పు వేసి కలిపేశాను. ఆరింటికే సరిపోయింది, మిగతా నాలుగింటికీ ఉప్పు చాల్లేదు. నూనె కూడా పోద్దామనుకున్నా గానీ, అదేం పదార్థమో తెలీకుండా పప్పునూనె ఎందుకు తగలెయ్యడమని ఊరుకున్నా."

సారు చెప్పింది అక్షరాలా నిజం. అది ఉప్పు చేసిన పనే. ఆ ఉప్పు సముద్రానిది కాదు, అంతే.

రెండు రోజులు నోరు విప్పలేదు. చెప్తే ప్రాజెక్టు పోతుంది, మళ్లీ మొదట్నుంచి చెయ్యాలి, తోటివాళ్లతో పాటు పరీక్ష పూర్తికాదు. చెప్పకపోతే ఎవరికీ తెలీదు, పెద్దమ్మ సెమినార్లకి రాదు కదా. మూడోరోజు సారు సెమినార్లో చదవాల్సిన కాగితం మా ఇద్దరి పేర్లతో టైపు చేయించి, "నీ పేరు ముందు పెట్టానమ్మా, కష్టం నీది" అన్నారు. అక్కడితో నా వల్ల కాలేదు. ఏడుస్తూ మొత్తం చెప్పేశాను.

సారు తిట్టలేదు. నా ఫోన్ తీసుకుని పెద్దమ్మకి కలిపి, "అమ్మా, ఉప్పు ఎంత వేశారు?" అని అడిగారు. "గుప్పెడండి." "గుప్పెడంటే ఎంతమ్మా?" "నా గుప్పెడేనండి." ఆయన ఫోన్ పెట్టేసి ఆ కాగితాన్ని నెమ్మదిగా రెండుగా చింపారు. "వెళ్లి మళ్లీ బురద తీసుకురా" అన్నారు.

తెచ్చాను. ఈసారి పది సీసాల్లోనూ అన్ని రకాల బూజులూ కలగాపులగంగా పెరిగాయి. గీతా లేదు, తెగడమూ లేదు. సెమినారు మాట ఎవరూ ఎత్తలేదు. తోటివాళ్లు ఉద్యోగాల వేటలో పడ్డాక నాలుగు నెలలకి నా పరీక్ష పూర్తయింది. పెద్దమ్మ మాత్రం ఈనాటికీ తన తప్పు ఒప్పుకోదు. "నేను ఉప్పు వేసిన ఆరింట్లోనూ బూజు ఆగిందా లేదా, అది చెప్పు" అంటుంది. ఆగింది మరి.

ఇప్పుడు నేనూ కాలేజీలో అదే పాఠం చెప్తున్నాను. పిల్లలెవరైనా మరీ ముచ్చటైన ఫలితం పట్టుకొస్తే, "ఇంట్లో పెద్దవాళ్లెవరున్నారమ్మా?" అని ముందు అడుగుతాను. వాళ్లు నన్నొక వింతమనిషిలా చూస్తారు. నిజాయితీ గురించి బాగానే చెప్తాను, అనుభవం ఉంది కదా. కానీ ఇన్నేళ్ల ఉద్యోగంలో అంత అందమైన ఫలితం నా చేతికి మళ్లీ రాలేదు. ఇప్పుడొస్తే ఆ ఇరవై రెండేళ్ల పిల్లలా మూడోరోజుకే చెప్పేస్తానా, లేక పెద్దమ్మ ఫోన్ మోగినా ఎత్తకుండా ఉంటానా అని, నా మీద నాకే ఒక చిన్న అనుమానం.