అత్తరు పూసుకున్న రోజు

నాది కడప జిల్లా. ఖతార్‌లో, అబూ హమూర్‌లోని ఒక ఇంట్లో డ్రైవర్‌గా పనిచేస్తున్నాను. ఊళ్లో ఉన్నప్పుడు విపరీతంగా తాగేవాణ్ణి. ఇక్కడికొచ్చి రెండేళ్లు కావస్తోంది, ఒక్క చుక్క ముట్టలేదు.

మొన్న రంజాన్ పండుగకి ఆ ఇంటి పెద్దామె నాకొక అత్తరు సీసా ఇచ్చింది. మెడకీ చొక్కాకీ బాగా పూసుకుని, ఆ సంబరంలోనే తొమ్మిదేళ్ల నా కూతురికి వీడియో కాల్ చేశాను.

"చూడు పాపా, గదంతా గుమ్మంటాంది! ఇంటికొచ్చేటప్పుడు ఇదే పూసుకోని వస్తా" అన్నాను.

పాప ముఖంలో నవ్వు పోయింది. "మల్లా తాగుతాండావా నాయనా?" అని అడిగింది.

అప్పట్లో తాగిన వాసన తెలియకూడదని ఒళ్లంతా సెంటు కొట్టుకుని ఇంటికి వెళ్లేవాణ్ణి. పాపకి ఏమీ తెలియదనుకునేవాణ్ణి.

"లేదమ్మా, నీ మీద ఒట్టు."

"అయితే ఊదు."

పక్క మంచం మీది నేపాలీ వంటమనిషి వింతగా చూస్తున్నా ఫోన్ మీద ఊదాను. అద్దం మసకబారింది. తుడిచి చూస్తే, అటువైపు పాప తన ఫోన్‌కి ముక్కు ఆనించి ఉంది.

"ఏం తెలీలే నాయనా. నువ్వొచ్చినాక చూస్తాలే. సెంటు మాత్రం పూసుకోని రావాకు" అంది.

సెలవుకి ఇంకా ఏడు నెలలుంది. అత్తరు వంటమనిషికి ఇచ్చేశాను. మందూ సెంటూ కలవని నా ఒంటి వాసన ఎలా ఉంటుందో నా కూతురికి ఇంతవరకూ తెలియదు. ఒక్కసారి ఆ వాసనతో మా గడప తొక్కాలి.