ఫ్లోరా ఆజీకి వినపడే గొంతు

మా రూములో శుక్రవారం పొద్దున నిద్రపోవడం ఎవరి వల్లా కాదు. వారమంతా ఒళ్లు హూనం చేసుకుని, ఆ ఒక్కరోజు పొద్దెక్కేదాకా పడుకుందామనుకుంటే కింది మంచం మీద లచ్చన్న లేచి కూర్చుంటాడు. తలకు నూనె రాస్తాడు, ఇస్త్రీ చొక్కా తొడుక్కుంటాడు, ఫోనును పాలపొడి డబ్బాకు ఆనించి నిలబెడతాడు. ఆ తర్వాత అరుపు మొదలు. కొత్తగా వచ్చినవాళ్లు ఏదో గొడవ అనుకుని ఉలిక్కిపడి లేస్తారు. గొడవేం కాదు, పెళ్లాంతో మాట్లాడుతున్నాడు.

లచ్చన్నది మెట్‌పల్లి దగ్గర పల్లె. మస్కట్‌లో మా కంపెనీలో టైల్స్ పని. రూము అజైబాలో, సైటు బౌషర్‌లో. టైల్స్ కోసే మిషన్ పక్కన ఏళ్ల తరబడి నిలబడి చెవులు మొద్దుబారాయి. తనకు వినపడనిది లోకానికీ వినపడదని ఆయన నమ్మకం. "కొంచెం ఉప్పు అందియ్యి" అని ఆయన అంటే పక్క రూములోంచి ఎవరో ఒకరు ఉప్పు పట్టుకొస్తారు. ఆయన పైమంచం నాది. కంపెనీలో స్టోర్ చూసుకునే నాకు నిద్ర మీద మమకారం ఎక్కువ, ఓపిక తక్కువ. కాబట్టి నేను చెప్పేదాంట్లో కాస్త విసుగు కనిపిస్తే నన్ననకండి.

ఆయన భార్య రజిత ఇజ్రాయెల్‌లో, అష్డోద్ అనే ఊళ్లో, ఫ్లోరా ఆజీ అనే ముసలావిడను చూసుకునే పనిలో ఉంది. మా వైపు నుంచి ఆ పనికి వెళ్లినవాళ్లు చాలామందే ఉన్నారు. ఆజీ అంటే మరాఠీలో అవ్వ. ఆవిడ యూదుల మనిషే గానీ పుట్టి పెరిగింది బొంబాయి పక్కన ఠాణేలో. పెళ్లయ్యాక ఇజ్రాయెల్ వెళ్లి స్థిరపడింది. అందుకని ఆ ఇంట్లో ఇప్పటికీ బొంబాయి హిందీయే నడుస్తుంది.

మొగుడు ఒమాన్‌లో, పెళ్లాం ఇజ్రాయెల్‌లో, కూతురు సంగీత కోరుట్ల హాస్టల్లో. ఒకరికి సెలవు దొరికిన ఏడు ఇంకొకరికి దొరకదు. ఇద్దరూ ఒకే కప్పు కింద ఉన్నది ఎప్పుడో వాళ్లకే సరిగ్గా గుర్తులేదు. ఈసారి పట్టుబట్టి ఇద్దరూ ఒకే నెలలో సెలవు ఒప్పించుకున్నారు. రజిత లేని ఆ నెల ఆజీ దగ్గర మనవడు ఓరెన్ ఉండాలని మాట. లచ్చన్న ఈ సంగతి మాకు ఎన్నిసార్లు చెప్పాడంటే, మేమే ఊరెళ్తున్నట్టు మాకు సంచులు సర్దుకోబుద్ధయ్యేది.

అంతలో అక్కడ యుద్ధం వచ్చిపడింది. ఓరెన్‌ను ఫౌజుకు పిలిచారు. ఆజీని ఒంటరిగా వదిలి రాలేక రజిత సెలవు ఆగిపోయింది. లచ్చన్న తన సెలవు కాగితాన్ని ఆఫీసు నుంచి తనే వెనక్కి తెచ్చుకున్నాడు. రెండ్రోజులు ఆయన మామూలు మనుషుల్లా మెల్లగా మాట్లాడాడు. అప్పుడు మాకు నిజంగా భయమేసింది.

మా రూములోనే హైదరాబాద్ మనిషి ఖమరుద్దీన్ ఉంటాడు, కంపెనీ పికప్ డ్రైవరు. గాజా పిల్లల వీడియోలు చూసి అన్నం ముందు నుంచి లేచిపోయిన రోజులున్నాయి ఆయనకు. ఓరోజు లచ్చన్నను కూర్చోబెట్టి చెప్పాడు: "నీ భార్య సలామత్‌గ ఉండాలె, గది నా దువా. గానీ గా ఫౌజు ముచ్చట మాత్రం నా ముంగట తేవొద్దు." లచ్చన్న సరేనన్నాడు. అదే మా రూము కట్టుబాటయింది.

ఇక్కడే ఠాణే ఆడవాళ్లు కథలోకి వచ్చారు. అక్కడ మిగిలిన యూదుల కుటుంబాల్లోని ఆడవాళ్లు కొందరు ఒక గుంపు కట్టారు. తమవాళ్ల పిల్లలు ఎవరెవరు ఇజ్రాయెల్ ఫౌజులో ఉన్నారో కనుక్కుని, ఒక్కో ఇంటిని ఒక్కొక్కరు పంచుకున్నారు. పిల్లాడికి పార్సిల్ పంపాలి. శుక్రవారం సాయంత్రం యూదుల ఇళ్లలో దీపాలు పెట్టేలోగా ఇంట్లో పెద్దవాళ్లకు ఫోన్ చేసి ధైర్యం చెప్పాలి. మంచి పనే, కాదనను. ఫ్లోరా ఆజీ ఇల్లు డయానా బాయి అనే ఆవిడ వంతుకు వచ్చింది. ఆజీకి చెవుడు, చెవి మిషన్ పెట్టుకోమంటే విసిరికొడుతుంది. కాబట్టి డయానా బాయికి రజిత నంబరే ఇచ్చారు. శుక్రవారం లచ్చన్న ఇస్త్రీ చొక్కా తొడుక్కుని కూర్చునే వేళకు ఆ లైను బిజీ.

మొదటి వారం ఓర్చుకున్నాడు. రెండో వారం మొహం మాడ్చుకున్నాడు. మూడో వారం లైను కలవగానే మొదలుపెట్టాడు: "ఎవలామె? గంతసేపు ఏం మాట్లాడుతది?"

"ఆజీకి ఇనవడది గద. ఆమె చెప్పింది ఆజీకి సైగ జేసి చెప్పాలె, ఆజీ అన్నది మళ్ల ఆమెకు చెప్పాలె" అంది రజిత.

"మరి నాకెప్పుడు చెప్తవ్?"

పార్సిళ్లు కూడా ఆగలేదు. ఉన్ని టోపీలు, ఉన్ని మేజోళ్లు, అటుకుల చివడా పొట్లాలు. ఓరెన్ చివడా ఉంచుకుని, తమ దగ్గర మనుషుల కన్నా మేజోళ్లే ఎక్కువున్నాయని మిగతావి ఇంటికే పంపేశాడు. ఎవరో కూర్చుని అల్లినవి పారేయొద్దంది ఆజీ. రజిత వాటిని కుర్చీ కాళ్లకు తొడిగింది. ఓ శుక్రవారం ఎర్ర ఉన్ని టోపీ పెట్టుకుని, చెమటలు కక్కుతూ వీడియోలో కనిపించింది.

"గది తియ్యి. దొంగోని లెక్కున్నవ్."

"డయానా బాయి మళ్ల చేస్తనన్నది. టోపీ ఎట్లుందో చూస్తదట."

లచ్చన్నకు ఒళ్లు మండింది. "గా కాల్ల నన్ను గూడ కలుపు. ఇయ్యాల ఆమెతోనే తేల్చుకుంట" అన్నాడు. నిద్ర ఎటూ పోయింది, కనీసం తమాషా అయినా చూద్దామని నేను మంచం దిగి వెనక కూర్చున్నాను.

ఫోనులో కళ్లద్దాలు, నేత చీర, నెరిసిన జుట్టుతో ఒక పెద్దావిడ కనిపించింది. లచ్చన్న గొంతు సవరించుకుని హిందీలో అందుకున్నాడు: "బాయీ, మీరు మంచోళ్లే గానీ..."

"ఆగు. నీ హిందీ భివండీది కదూ?" అంది ఆవిడ.

గల్ఫుకు రాకముందు లచ్చన్న భివండీలో మగ్గాల మీద పనిచేశాడు. ఠాణేకు అది కూతవేటు దూరం. ఇంకేముంది, వానాకాలంలో ఏ రోడ్డు మునుగుతుంది, స్టేషన్ బయట వడాపావ్ బండి ఇంకా ఉందా లేదా, ఇవే ముచ్చట్లు. తేల్చుకోవడానికి వెళ్లిన మనిషి పుట్టింటివాళ్లు కలిసినట్టు నవ్వుతున్నాడు. నాకు తమాషా కూడా దక్కలేదు.

అప్పుడు రజిత ఫోనులో, వెనకాల సోఫాలో ఉన్న ముసలావిడ తలెత్తింది. "ఎవరా మగమనిషి? ఆయన మాట నాకు వినపడుతోంది" అంది.

ఠాణే నుంచి ఇన్ని వారాలుగా ఒలికించిన ప్రేమలో ఒక్క ముక్క కూడా ఆజీ చెవిన పడలేదు. అజైబాలో టైల్స్ మిషన్ పక్కన పెరిగిన గొంతు మాత్రం తిన్నగా వెళ్లి తగిలింది. డయానా బాయి కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. అలా లచ్చన్న కొత్త డ్యూటీలో చేరాడు.

అప్పట్నుంచి ప్రతి శుక్రవారం డయానా బాయి చెప్పేది, లచ్చన్న అరిచేవాడు. మందులు వేసుకున్నావా ఆజీ. ప్రార్థనలో ఓరెన్ పేరు చదివారట ఆజీ. మొదటిసారి ఆయన "షబ్బాత్ షలోమ్" అని యూదుల పలకరింపును గొంతెత్తి అనగానే ఖమరుద్దీన్ దుప్పటి తన్నేసి లేచాడు. "అరే, బిల్డింగ్ మొత్తం ఇంటున్నది. సలాం అను, సరిపోతది." ఆ తర్వాత సలామే. తలుపు సందులో కంబళి కుక్కి, కిటికీ బిగించి, అరుపు అయ్యేదాకా మేం చెవుల్లో దూది పెట్టుకునేవాళ్లం. డ్యూటీ ముగిశాక మిగిలిన కొద్దిసేపు రజిత ఆయనతో మాట్లాడేది. ఆ కొద్దిసేపటి కోసమే ఇదంతా చేస్తున్నానని ఆయన అనేవాడు. నేనైతే నమ్మను. ఆజీతో మాట్లాడేటప్పుడు ఆయన మొహం వెలిగిపోయేది.

కొన్ని వారాలకు ఓరెన్ నుంచి ఫోన్లు ఆగిపోయాయి. మెసేజ్ లేదు, మనిషి జాడ లేదు. ఎవరిని అడిగినా తెలియదన్నారు. ఆజీ అన్నం మానేసింది. రజిత ముద్ద నోటి దాకా తీసుకెళ్తే మొహం తిప్పుకునేది.

ఆ శుక్రవారం డయానా బాయి ముందుగా లచ్చన్నకు ఒక్కడికే ఫోన్ చేసింది. "ఓరెన్ మాతో మాట్లాడాడని చెప్పు. నువ్వు చెబితే నమ్ముతుంది. రెండు ముద్దలు తిననీ" అంది. లచ్చన్న సరేనన్నాడు. మేం తలుపు సందులో కంబళి కుక్కాం. ఖమరుద్దీన్ గోడవైపు తిరిగి పడుకున్నాడు గానీ నిద్రపోలేదని నాకు తెలుసు.

లైను కలిసింది. ఆజీ ఫోనుకు దగ్గరగా వచ్చి అంది: "లచ్చూ, అందరూ నా మొహం చూసి నవ్వుతున్నారు. నాకు వినపడేది నీ మాట ఒక్కటే. నాతో అబద్ధం చెప్పకు. నా పిల్లాడు ఉన్నాడా?"

డయానా బాయి చెప్పమన్నట్టు తల ఊపుతోంది.

"నాకు తెల్వది ఆజీ" అని అరిచాడు చివరికి. "ఎవ్వలకు తెల్వది. మీ దిక్కు సైరన్ మోగిందంటే నాకు గూడ గుండె జారిపోతది, రజిత ఉన్నదా లేదా అని. ఈ నెల మేమిద్దరం ఇంటికి పోవాలె. పోలేకపోయినం. అయినా తింటున్న ఆజీ. తినకుంటే శుక్రారం రజితకు ఏం చెప్పాలె?"

రజిత చెయ్యి అడ్డం పెట్టి ఆగమని సైగ చేసింది, కానీ అప్పటికే అంతా బయటపడింది. తన కోసం సెలవు ఆగిపోయిందని ఆజీకి ఎవరూ చెప్పలేదు. ఆవిడ రజిత వైపు చాలాసేపు చూసింది.

"ఏం తింటున్నావ్?" అని అడిగింది.

"పప్పు. ఖమర్ భాయ్ మాడవెట్టిండు."

"మాడినా తిన్నావా?"

"తిన్న."

ఆజీ రజితను కంచం తెమ్మంది. తింటున్నంతసేపూ మేం ఎవరం కదల్లేదు. నాకు కళ్లు చెమర్చాయని ఒప్పుకోవడానికి సిగ్గేం లేదు. ఫోను పెట్టేశాక ఖమరుద్దీన్ ఇటు తిరిగాడు. "నా ఇజ్జత్ ఇజ్రాయెల్ దాంక తీసినవ్ లచ్చన్నా" అని, కాసేపాగి, "ముసలమ్మ తినక భూకీ ఉంటే అది ఫౌజు ముచ్చట గాదులే. నేనేం అనలే" అన్నాడు. ఆ సాయంత్రం పప్పు మాడకుండా చేశాడు.

ఓరెన్ ఫోన్ కొన్నాళ్లకు వచ్చింది. వాళ్ల ఫోన్లు తీసేసుకున్నారట, మనిషి క్షేమం. కానీ ఇంటికి రావడానికి ఇంకా వీల్లేదు. పిల్లాడు క్షేమంగా ఉంటే చేస్తామని ఠాణేలో మొక్కుకున్నట్టే మలీద అనే ప్రసాదం చేసి ఫోటో పంపారు. అటుకులు, కొబ్బరి, పళ్లు. లచ్చన్న ఆ ఫోటో చూసి గుడ్లురిమాడు. "గిదేం మలీద? రొట్టె ఏది, బెల్లం ఏది?" ఖమరుద్దీన్ జీవితంలో మొదటిసారి ఆయనతో ఏకీభవించాడు.

ఆ వారమే కాల్‌లో ఆజీ డయానా బాయిని పిలిచింది. "మేజోళ్లు చాలు, టోపీలు చాలు. నాకు నిజంగా సాయం చేయాలనుంటే నువ్వే వచ్చి నెల రోజులు నా దగ్గర ఉండు. ఈ పిల్ల ఇంటికి పోవాలి."

లచ్చన్న ఎన్నాళ్లుగానో కోరుకున్నది అదే. అయినా తనే అడ్డం పడ్డాడు. "వద్దు బాయీ. మీరు పెద్దోళ్లు. ఆడ సైరన్లు మోగుతయ్. మేం తర్వాత పోతం."

"ఇన్ని పార్సిళ్లు పంపాను, నన్ను నేను పంపుకోలేనా?" అంది డయానా బాయి. యుద్ధంతో ఆగిన విమానాలు మళ్లీ మొదలయ్యాక అన్నట్టే వెళ్లింది. వెళ్లిన రోజే ఫోన్ చేసి, కుర్చీలన్నిటికీ తను అల్లిన మేజోళ్లే ఉన్నాయని ఫిర్యాదు చేసింది.

లచ్చన్నను ఎయిర్‌పోర్టులో దింపడానికి ఖమరుద్దీన్ పికప్ తీశాడు, నేనూ ఎక్కాను. కార్టన్‌లో పెద్దపులి బొమ్మ కంబళి, సంగీతకు బాదంపప్పు, రజితకు అత్తరు. అజైబా నుంచి ఎయిర్‌పోర్టు ఎంత దూరమని, ఆ కాస్త దారిలో కూడా ఆయన నోరు విప్పలేదు. ఒంట్లో బాగోలేదేమోనని నుదురు ముట్టి చూశాను.

ట్రాలీ మీద కార్టన్ పెట్టాక నన్ను పక్కకు లాగాడు. "తమ్మీ సురేందర్, పోయినేడు నువ్వు ఇంటికి పోయొచ్చినవ్ గద. ఫోన్ల అయితే ఎంతసేపయినా మాట్లాడుత. ఇప్పుడు దినాం ఎదురుంగనే ఉంటది. మొదటిరోజు ఏం మాట్లాడాలె?"

నవ్వుదామనుకున్నాను, నవ్వు రాలేదు. నా మొదటిరోజు గుర్తొచ్చింది. నా ఇంట్లో నేనే చుట్టంలా కుర్చీ అంచున కూర్చుని, మా ఆవిడ టీ ఇస్తే థాంక్స్ చెప్పాను. అది ఆయనకు చెప్పాను. "మొదటిరోజు ఎవ్వలకు మాటలు రావన్నా. పోయి వంటింట్ల కూసో. ఉల్లిగడ్డలు కోసియ్యి."

ఆయన తల ఊపి లోపలికి నడిచాడు. తలుపు దాకా వెళ్లి, ట్రాలీ వదిలేసి, ఎయిర్‌పోర్టు మొత్తానికి వినపడేలా అరిచాడు: "సన్నగ కొయ్యాల్నా, లావుగనా?"

"ఆమెనే అడుగన్నా" అన్నాను.